ఏకదంతుని దంతము: ఒక వీడియోగేము కథ, దాని పురాణమూలము

వినాయకునకు గల నామములలో ఏకదంతుడనునది మిక్కిలి ప్రసిద్ధము. రెండవ దంతమేమయ్యెనను ప్రశ్నకు పురాణములును, కావ్యములును, ఇంటింట చెప్పుకొను కథలును వేరువేరు సమాధానములు చెప్పుచున్నవి. వ్యాసుడు భారతము చెప్పుచుండగా వ్రాయుటకై దానిని గంటముగా విరుచుకొనెనని ఒక వాడుక. తన్ను చూచి నవ్విన చంద్రునిపై విసరెనని మరియొక వాడుక. పరశురాముని గొడ్డలివ్రేటునకు విరిగెనని బ్రహ్మాండ, బ్రహ్మవైవర్త పురాణములు చెప్పును. రావణుడు దానిని పెరికి కాంతల కర్ణాభరణములకు వినియోగించెనని శిశుపాలవధమున మాఘకవి చమత్కారము. ఇన్ని కథలున్నను, విరిగిన ముక్క పిదప ఎచటికి చేరినదను సంగతి పౌరాణికులకు ముఖ్యమైనట్లు కనబడదు. ఆ సంగతినే ప్రధానవస్తువుగా గ్రహించి, దానిచుట్టు ఒక సాహసగాథ నల్లిన రచన 2017లో వెలువడినది. అది కావ్యము కాదు, నవల కాదు, చలనచిత్రమును కాదు, వీడియోగేము.

దాని పేరు ‘అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ’. పేరులోని రెండవ భాగమును ‘కోల్పోయిన వారసత్వము’ అని తెలుగున చెప్పవచ్చును. అమెరికాలోని నాటీ డాగ్ సంస్థ నిర్మింపగా, సోనీ సంస్థ దీనిని 2017 ఆగస్టులో ప్లేస్టేషన్ 4 యంత్రమునకు విడుదల చేసినది. 2022లో ప్లేస్టేషన్ 5కును, సామాన్య కంప్యూటర్లకును తగిన రూపములు వెలువడినవి. కర్ట్ మార్గెనౌ, షాన్ ఎస్కేగ్ దర్శకులు. ఎస్కేగ్, జోష్ షెర్ కథారచయితలు. ఇదే పరంపరలో 2007 మొదలు 2016 వరకు వచ్చిన నాలుగు ప్రధానమైన ఆటలకును నేథన్ డ్రేక్ అను నిధివేటగాడు నాయకుడు. ఈ ఆటలో అతడు లేడు. రెండవ ఆటలో, అనగా 2009లో, ఉపపాత్రగా ప్రవేశించిన క్లోయీ ఫ్రేజర్ ఇచట నాయిక. ఆమె తండ్రి భారతీయుడు. ఆమె పెరిగినది ఆస్ట్రేలియాలో.

భారతీయభాషా సాహిత్యముల నభ్యసించువారికి ఈ ఆటతో పనియేమను సందేహము కలుగవచ్చును. పురాణకథ ప్రతి యుగమున ఒక క్రొత్త వాహకమును వెదకుకొన్నది. తోలుబొమ్మలాట, యక్షగానము, హరికథ, చలనచిత్రము, ఇవన్నియు ఒక్కొక్కప్పుడు క్రొత్తవే. వాహకము మారినప్పుడు కథలో ఏది నిలిచినది, ఏది మారినది, ఏల మారినదను విచారణ సాహిత్యవిద్యార్థులకు పరాయిది కాదు. పైగా ఈ ఆట కథలో ఒక చిక్కు ఉన్నది. మన సంప్రదాయమున ఇట్టి కథలు సాధారణముగా ఒక స్థలమును ఆశ్రయించి నిలుచును. నిధివేటకథకు కావలసినది స్థలము కాదు, చేతికందు వస్తువు. స్థలమునకు కట్టుబడిన కథను చేతిలో పట్టుకొనిపోగల వస్తువుగా మార్చినప్పుడు, ఆ వస్తువు ఎవరిదను ప్రశ్న తప్పక పుట్టును. ఈ ఆట ఆ ప్రశ్నను తప్పించుకొనజూచి, చివరకు దానికి ఎదురుగా నిలిచినది.

ఇట్టి ఆటలో కథ నడచు తీరు తెలియనివారికి కొంత వివరింపవలెను. కథలో కొన్ని భాగములు చలనచిత్రమువలె తమంతట తాము సాగును, ఆటగాడు చూచుటయే. తక్కిన భాగములలో నాయిక నడుచుట, ప్రాకుట, దుముకుట, పోరుట అన్నియు ఆటగాని చేతిలోని మీటలచే జరుగును. అతడు తప్పు చేసినచో ఆమె లోయలో పడును. మరల కొంత వెనుకనుండి మొదలుపెట్టవలెను. మధ్యమధ్య తలుపు తెరచుకొనుటకు విప్పవలసిన చిక్కుముడులుండును. కొండ ప్రాకునప్పుడును, జీపు నడుపునప్పుడును పాత్రలు మాటలాడుకొనుచుండును. కథలోని పూర్వవృత్తాంతము చాలవరకు ఈ మాటలలోనే తెలియును. మన నాటకలక్షణకర్తలు దృశ్యము, సూచ్యము అని చేసిన విభాగము ఇచట చక్కగా వర్తించును. యుద్ధము, పలాయనము దృశ్యములు. తండ్రి మరణము, పురాణగాథ సూచ్యములు. హరిదాసు నడుమ పిట్టకథ చెప్పినట్లు, క్లోయీ ఒక గుట్ట ఎక్కి దిగునంతలో గణపతికథను తన తోడి స్త్రీకి వినిపించును.

ఇక కథ. భారతదేశమున ఒక ప్రాంతమున తిరుగుబాటు సాగుచున్నది. ఈ తిరుగుబాటు కల్పితము. చరిత్రలోని ఏ ఉద్యమమునకును ప్రతిబింబము కాదు. అసవ్ అనువాడు తిరుగుబాటుదారుల నాయకుడు. హొయసల రాజులదని చెప్పబడు ‘గణేశదంతము’ను సంపాదించి, దానిని చూపి ప్రజలను రెచ్చగొట్టి, అంతర్యుద్ధము లేవదీయవలెనని వాని యెత్తు. అదే దంతమునకై క్లోయీ వచ్చును. తొలి రంగము ఒక నగరపు అంగడివీధి. అచట మీనూ అను చిన్నపిల్ల ఆమెకు పరిచయమగును. ఆ పిల్లకు కథలో చేయవలసిన కార్యమేమియు లేదు. కాని తిరుగుబాటుచే నలుగుచున్న ఊరికి ముఖమై నిలుచును. అచటినుండి క్లోయీ తిరుగుబాటుదారుల వశమందున్న భాగమునకు రహస్యముగా చేరి, నాడీన్ రాస్ అను దక్షిణాఫ్రికా స్త్రీని కలిసికొనును. నాడీన్ ఒకప్పుడు షోర్‌లైన్ అను కిరాయిసైన్యమునకు అధిపతి. 2016నాటి ఆట కథ పిమ్మట ఆ పదవిని కోల్పోయినది. వీరిరువురు అసవ్ నివాసమున చొరబడి, హొయసల రాజ్యపు పటమును, తాళపుచెవిగా పనిచేయు ఒక బిళ్లను తీసికొని పారిపోవుదురు.

పిదప కథ పడమటికనుమలకు మారును. ఆటలో మిక్కిలి విశాలమైన భాగమిదియే. త్రిశూలము, విల్లు, పరశువు చిహ్నములుగా గల మూడు శిథిలదుర్గములను ఆటగాడు తన యిష్టమైన వరుసలో చూడవచ్చును. పరశుచిహ్నము గల దుర్గమున గొడ్డళ్లు ధరించిన శిలావిగ్రహములు ఆటగాడు వేయు అడుగుకొక అడుగుగా కదలి వ్రేటువేయును. ఈ చిక్కుముడి కథకు అలంకారము మాత్రమే కాదు. ముందు రాబోవు గణేశ పరశురాముల పోరునకు ఇది ముందుగా వినిపించు ధ్వని. అటుపైన హళేబీడు; అచట విగ్రహఖండముల నీడలను త్రిప్పి సరిచేసి గోడమీది రూపముతో కలుపు చిక్కుముడి కలదు. ఇచటి ప్రకరణములకు ‘మహాయుద్ధము’, ‘ద్వారపాలకుడు’ అను అర్థమిచ్చు పేర్లు పెట్టబడినవి.

ఈ నడుమ దాగిన సంగతి ఒకటి బయటపడును. అసవ్ వద్ద పురావస్తు నిపుణుడుగా నున్నవాడు సామ్ డ్రేక్; క్లోయీ మొదటినుండియు అతనితో కలిసియే పనిచేయుచుండెను. సామ్ అనిన నాడీన్‌కు పాతపగ. తన్ను మోసగించినదని ఆమె మండిపడును. అంతలో అసవ్ వచ్చి బిళ్లను లాగుకొని ఇరువురిని కూలద్రోయును. తరువాత స్త్రీలిద్దరును కలహించి, విడిపోయి, మరల కలిసి, బేలూరు చేరుదురు. దంతము దొరకును, దొరకినంతనే అసవ్ చేజిక్కించుకొని, సామ్‌తోసహా ముగ్గురిని నీరు నిండుచున్న గదిలో బంధించి పోవును. వారు బయటపడి చూచునప్పటికి, అసవ్ దంతమును షోర్‌లైన్ సైన్యమునకు ఇచ్చి బదులుగా ఒక బాంబును కొన్నట్లు తెలియును. ఆ బాంబు రైలులో నగరమునకు పోవుచుండును. తమ పని కాదు, పోదమని సామ్ అనును. క్లోయీ ఒప్పదు. రైలును దారి మళ్లించి, విరిగిన వంతెనవైపు నడిపి, అసవ్‌తోపాటు లోయలో పడవేయుదురు. నాడీన్ దంతమును దక్కించుకొనును. అమ్మి లాభము పొందవచ్చునని సామ్ ఆశించుచుండగా, దానిని భారత ప్రభుత్వ సాంస్కృతిక మంత్రిత్వశాఖకు అప్పగింప స్త్రీలిరువురు తలపెట్టుదురు. అన్నియు ముగిసిన పిదప మీనూతో కూర్చుండి అందరును పిజ్జా తినుచుండగా తెరపడును.

ఇంతవరకు వినినచో ఇది సామాన్యమైన సాహసకథవలెనే తోచును, చాలవరకు అట్టిదే. మోసము బయటపడు ఘట్టము, రైలుపై పోరు, ఇవి ఈ జాతి కథలలో అరిగిన బాటలు. పరిశీలింపవలసినది దంతము.

రచయితలు ఏకదంతకథలలో పరశురామకథను ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. లేఖకుడైన గణపతి కథ లోకమున ఎక్కువ వ్యాప్తమైనది. ఆదిపర్వమున వ్యాసగణేశ సంవాదము కొన్ని ప్రతులలో మాత్రమే కలదు. పూనాలోని భాండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థవారి పరిష్కృత ప్రతిలో అది మూలమున చేరలేదు. ఉన్న ప్రతులలోను దంతమును గంటముగా విరుచుట అందలి ముఖ్యాంశము కాదు. ఆ కల్పన లోకవాడుకలో పెరిగినది. దానిలో శత్రువు లేడు, పోరాటము లేదు, ఆటకు పనికిరాదు. పరశురామకథలో రెండును కలవు.

ఆ కథ పురాణములలో ఇట్లున్నది. కార్తవీర్యుని వధించిన పరశురాముడు గురువైన శివునకు మ్రొక్కుటకై కైలాసమునకు వచ్చును. శివపార్వతులు ఏకాంతమున నుండుటచే గణపతి ద్వారమున అడ్డగించును. మాటకు మాట పెరుగును. గణపతి తొండముతో పరశురాముని చుట్టి లోకములన్నియు త్రిప్పి విడుచును. సిగ్గుతో, కోపముతో పరశురాముడు గొడ్డలి విసరును. దానిని వారింప గణపతికి శక్తి లేక కాదు. ఆ గొడ్డలి తన తండ్రి శివుడు పరశురామునకు ప్రసాదించినది. తండ్రి ఆయుధము వ్యర్థము కారాదని గణపతి దానిని తన దంతమున ధరించును. దంతము విరుగును.

క్లోయీ నాడీన్‌కు చెప్పు కథయు ఇదియే. సంక్షిప్తమైనను ప్రధానసూత్రము చెడలేదు: దంతము ఓటమివలన విరుగలేదు, తండ్రియెడ గల గౌరవమువలన విరిగినది. ఇచటనే రచయితల నేర్పు కానవచ్చును. క్లోయీ తండ్రి హొయసల చరిత్రమునందు, ముఖ్యముగా ఈ దంతమునందు తగులుకొన్న మనస్సు గలవాడు. భార్యాబిడ్డలను ఆస్ట్రేలియాకు పంపి తాను ఇచటనే నిలిచిపోయెను; వెదకుచుండగనే దోపిడిగాండ్ర చేత మరణించెను. కూతురు ఆ వెదకులాటను పైకి డబ్బుకొరకే చేయుచున్నట్లు నటించును. కాని ఆమె ఎత్తుకొన్న పని తండ్రి విడిచిన ఆయుధమువంటిది. దానిని వ్యర్థము చేయలేదు. దానివలన గాయపడకయు పోలేదు. పురాణమున తండ్రి గొడ్డలి, కుమారుని దంతము. ఆటలో తండ్రి వెఱ్ఱి, కుమార్తె జీవితము. ఈ పోలికను ఎవరును నోటితో ప్రకటింపరు. నోరు విప్పి చెప్పియున్నచో చప్పబడియుండును.

అయినను ఒక మార్పు మూలకథకు సరిపడదు. పురాణమున దంతము విరుగుటయే విషయము. విరిగిన ముక్క విషయము కాదు. ఏకదంతత్వము భగవంతుని రూపమునందు నిలిచియున్నది, భూమిపై పడిన ముక్కయందు కాదు. భూమికి కథను కట్టవలసినప్పుడు మన సంప్రదాయము స్థలమును చూపును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దంతేవాడ ప్రాంతమున ఢోల్‌కల్ కొండశిఖరముపై గణపతి విగ్రహమొకటి కలదు. గణేశ పరశురాముల పోరు అచటనే జరిగినదని స్థానికులు చెప్పుకొందురు. అదే ప్రాంతమున దంతేశ్వరీదేవి క్షేత్రమునకు సతీదేవి దంతము పడిన చోటని ప్రసిద్ధి. ఆ దేవి, ఓరుగల్లు ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుని వంశమువారని చెప్పబడు బస్తరు రాజులకు కులదేవత. పడిన దంతము ఈ కథలన్నింటిలోను కొండగనో, గుడిగనో, ఊరిపేరుగనో మారినది. ఎవరును సంచిలో వేసికొని పోగల వస్తువుగా మారలేదు. బౌద్ధులలో ధాతువులను, దంతధాతువును పూజించు ఆచారము వేరు. గాణపత్యమున అట్టి సంప్రదాయము ప్రబలినట్లు కానరాదు. కనుక ‘గణేశదంతము’ అను వస్తువు పాశ్చాత్యుల పవిత్రావశేష భావనను మన పురాణమునకు అంటుగట్టగా పుట్టినది.

చరిత్రాంశముల విషయమున ఆట ఇంతకంటె స్వేచ్ఛ వహించినది. ఆటలోని బేలూరు, హళేబీడులు దట్టమైన అడవులలో, జలపాతముల నడుమ, కొండలంత ఎత్తుగల విగ్రహములతో మరుగుపడియున్న మహానగరములు. నిజమైన బేలూరు, హళేబీడులు కర్ణాటకమున హాసన జిల్లాలో, పదునారు కిలోమీటర్లంత దూరమున, కనుమలకు తూర్పున పీఠభూమిపై నున్నవి. అవి ఎన్నడును పోయినవి కావు, దొరకినవియు కావు. బేలూరి చెన్నకేశవునకు నేటికిని పూజ జరుగుచున్నది. విష్ణువర్ధనుడు 1117లో ఆ ఆలయమును ప్రతిష్ఠింపజేసెను. హొయసలేశ్వరాలయ నిర్మాణము 1121 ప్రాంతమున ఆరంభమైనది. హళేబీడునకు అప్పటి పేరు దోరసముద్రము. 2023లో బేలూరు, హళేబీడు, సోమనాథపురముల ఆలయములు యునెస్కోవారి ప్రపంచవారసత్వ పట్టికలో చేరినవి.

హొయసల శిల్పము మహిమ పరిమాణమున లేదు. ఆకుపచ్చ ఛాయగల మెత్తనిరాయి, గనినుండి తీసినప్పుడు ఉలికి లొంగి, గాలి తగిలిన కొలది గట్టిపడునది, వారికి సాధనము. ఆ రాతిపై బంగారుపనివాని సూక్ష్మతతో మకరతోరణములు, మదనికల హారములు, ఏనుగుల వరుసలు, భారతరామాయణ ఘట్టములు చెక్కబడినవి. హళేబీటి నృత్యగణపతి ప్రఖ్యాతమైన శిల్పము. దీనిని చూడవలెనన్న దగ్గరకు పోయి నిలువవలెను. ఆటకో, దూరమునుండి కంటబడు లక్ష్యము కావలెను. కనుక శిల్పము కొండయైనది. ఎక్కుటకు వీలగు ప్రతి శిల్పమును ఆటగాడు ఎక్కును. ఎక్కినచో సగము విరిగిపడును. పురావస్తుశాఖవారు ఈ ఆటను చూచుచో గుండె పట్టుకొందురు.

మరియొక లోపము సాహిత్యవేత్తలకు తప్పక తోచును. హొయసల శిల్పులు తమ పేర్లను విగ్రహముల క్రింద చెక్కుకొన్నారు. బేలూరున బళ్లిగావి దాసోజుడును, అతని కుమారుడు చావణుడును ఇట్లు తెలిసినవారే. పదుమూడవ శతాబ్దిలో మల్లితమ్మ పేరు పలు ఆలయములలో కనబడును. హాసన జిల్లా శాసనములను బి. ఎల్. రైస్ సంపాదకత్వమున ఎపిగ్రాఫియా కర్ణాటికా అయిదవ సంపుటమున 1902లోనే ప్రకటించిరి. హొయసల రహస్యమును వెదకువాడు మొదట తెరవవలసిన తలుపు శాసనము. ఆటలో తలుపులు తెరచుకొనుటకు కావలసినవి ప్రధానముగా రూపములు, నీడలు, చక్రములు. కన్నడమెరుగని ఆటగానికి వేరుమార్గము లేదనుట నిజమే. అయినను, భాష తెలియకయే ఒక నాగరకత గుట్టు విప్పవచ్చునను భావము ఈ జాతి కథలన్నింటికిని పుట్టుమచ్చ.

హొయసలుల పతనమును ఆట తన అవసరమునకు అనుగుణముగా మలచుకొన్నది. చరిత్రమున అది ఒక్కనాటి ప్రళయము కాదు. అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మలిక్ కాఫూరు 1310లో ఓరుగల్లున ప్రతాపరుద్రుని లొంగదీసి, మరుసటి సంవత్సరము 1311లో దోరసముద్రముపై పడెను. తెలుగునాటి చరిత్రమును, హొయసల చరిత్రమును ఇచట ఒకే గాయముచే కలిసినవి. కాకతీయులు 1323లో నశించిరి. హొయసలులు 1346 వరకు ఏదోయొక రూపమున నిలిచిరి. రెండు రాజ్యముల భూములును చాలవరకు పిమ్మట విజయనగరమునకు సంక్రమించినవి. ఈ సంక్రమణము వారసత్వమను మాటకు ఆట ఇచ్చు అర్థముకంటె విస్తృతమైన అర్థమిచ్చును. అచట వారసత్వము దాగిన వస్తువు. ఇచట పాలన, భాష, శిల్పసంప్రదాయము, దానశాసనము.

దానశాసనమను మాట వచ్చినది కనుక నిధిప్రశ్నను విచారింపవచ్చును. తెలుగు, కన్నడ శాసనములలో అష్టభోగములు పరిచితములు: నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము. భూమిని దానమిచ్చు రాజు అందు దాగియుండగల నిధినిక్షేపములపై హక్కును గూడ పేరుపెట్టి ఇచ్చుచుండెను. ఇవ్వనిచో అది రాజుదే అని భావము. మన్వాది స్మృతులు నిధి దొరకినవానికెంత, రాజునకెంత అని భాగములు నిర్ణయించినవి. 1878నాటి భారత నిక్షేపచట్టము ప్రకారము పదిరూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. 1972నాటి పురావస్తు, కళానిధుల చట్టము నూరేండ్లు నిండిన శిల్పాదులను దేశమునుండి వెలుపలికి పంపు అధికారమును కేంద్రప్రభుత్వమునకే ఉంచినది. కావున సామ్ డ్రేక్ ఆశించిన అమ్మకము దొంగతనమే. ఈ పరంపరలోని మొదటి మూడు ఆటలలో ఈ ప్రశ్న రాకుండ చేయుటకు రచయితలు సులభోపాయము కనిపెట్టిరి: వస్తువునో, నగరమునో నాశము చేయుట. మొదటి ఆటలో ఎల్ డొరాడో విగ్రహము సముద్రమున మునుగును. రెండవదానిలో శంభల కూలును. మూడవదానిలో ఇరం నగరము ఇసుకలో కుప్పయగును. నిధి నశించినచో ఎవరిదను తగవు లేదు. ఈ ఆటలో దంతము నశింపలేదు. నశింపనందున దానిని ఎవరికో ఇయ్యవలసి వచ్చినది. భారతీయుడైన తండ్రి కూతురు దానిని భారతప్రభుత్వమునకు చేర్ప దలచుట ఈ కథలో నిజముగా క్రొత్తది.

నాయిక ఆస్ట్రేలియాలో పెరిగినదగుట కాకతాళీయమే కావచ్చును. కాని దానికి సాటియైన వాస్తవమొకటి స్మరణీయము. తమిళనాట శ్రీపురందాన్ ఆలయమునుండి దొంగిలింపబడిన నటరాజ విగ్రహమును కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2008లో యాబది లక్షల డాలర్లకు కొన్నది. దొంగసొత్తని తేలగా, 2014 సెప్టెంబరులో నాటి ఆస్ట్రేలియా ప్రధానమంత్రి టోనీ ఆబట్ దానిని స్వయముగా తెచ్చి భారతప్రభుత్వమున కప్పగించెను. 2016లో అదే చిత్రశాల మరికొన్నింటిని తిరిగి ఇచ్చినది. వానిలో బుద్ధుని ఆరాధించు భక్తులను చూపు ఆంధ్రదేశపు సున్నపురాతి ఫలకమును కలదు. ఆటలో ఒక్క రాత్రి సంభాషణతో తీరిన పని, వాస్తవమున పోలీసులు, పాత ఛాయాచిత్రములు, న్యాయస్థానములు, ఏండ్లకొలది ఉత్తరప్రత్యుత్తరములు కలిసి చేసినవి.

పోయిన వస్తువును వెదకి, పోరాడి సాధించి, తాను ఉంచుకొనక ఒప్పగించు నాయకుని కథ తెలుగువారికి క్రొత్త కాదు. అది వినాయకచవితినాడు ఇంటింట చదువుకొను శ్యమంతకోపాఖ్యానమే. ప్రసేనుని చంపి మణి నపహరించెనను నీలాపనింద కృష్ణునిపై పడును. అతడు అడవిలో గుఱ్ఱపు జాడ, సింహపు జాడ, ఎలుగు జాడ పట్టి గుహ చేరి, జాంబవంతునితో పోరి, మణిని తెచ్చి సత్రాజిత్తున కిచ్చును. జాడల వరుస, గుహ, పోరు: ఆట నిర్మాతలు కోరదగిన సామగ్రి అంతయు ఇందున్నది. ఆ నిందకు మూలము చవితిచంద్రుని దర్శనము; చంద్రునకు శాపము గణపతిని చూచి నవ్వుటచే వచ్చినది. క్లోయీ ధనము కొరకు బయలుదేరి తండ్రికొరకని తెలిసికొన్నది. కృష్ణుడు మొదటినుండియు మణికొరకు కాక నింద తొలగుటకే వెదకెను. ఈ భేదమువలన కృష్ణునికథలో ఒప్పగింత కథకు సహజమైన గమ్యము. క్లోయీకథలో అది చివరి మలుపు.

మరియొక భేదమును గమనింపదగినది. పురాణకర్త మణిని ఒప్పగించుటతో కథ ముగింపలేదు. ఆ మణికొరకే శతధన్వుడు సత్రాజిత్తును నిద్రలో చంపెను. మణి అక్రూరుని చేతికి పోయెను. కృష్ణుని అన్నగారే అతనిని శంకించెను. సభలో మణిని మరల చూపింపవలసి వచ్చెను. విలువగల వస్తువు యజమానిని చేరిన పిదప ఏమగునను చింత భాగవత విష్ణుపురాణములు రెంటికిని కలదు. ‘లాస్ట్ లెగసీ’ రచయితలు దంతమును మంత్రిత్వశాఖ గడప దాటింపకమునుపే, పిజ్జా బల్లవద్ద, తెర దించిరి.